మొంతారెల్‌కు వచ్చిన తెల్ల కారవాన్

ఆ రోజు ఏం చేయాలో రూలోఫ్ ముందు రోజే కాగితం మీద రాసి, దానికి ప్లాస్టిక్ తొడుగు వేసి పెట్టాడు. ఆరున్నరకు కాఫీ. ఏడింటికి చక్రాల ఇల్లు లాంటి తమ కారవాన్‌ను కారుకు తగిలించడం. ఏడుంబావుకు బయలుదేరడం. ద్రాక్షతోటల మధ్య డెబ్భై కిలోమీటర్లు. తొమ్మిదిన్నరకల్లా సరస్సు ఒడ్డున చెట్టు నీడ. ఎండ ముదిరేలోగా ఇనేకే నీళ్ళలో, తాను కుర్చీలో. నెదర్లాండ్స్‌లోని ఆసెన్ పట్టణంలో ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన మనిషి కనుక, భూగోళం తన మాట వింటుందని ఆయనకు గట్టి నమ్మకం.

ఆయన భార్య ఇనేకే ఆ ఊళ్ళోనే ఈత నేర్పేది. ఆమె గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే కొలను అవతలి చివర నీటి అడుగున ఉన్న పిల్లలు కూడా కదలకుండా ఆగిపోయేవారు. అలాంటి మనిషి గత కొన్నేళ్ళుగా నోట్లో నోట్లో గొణుగుతోందని రూలోఫ్ ఫిర్యాదు. వయసు మీద పడితే గొంతు తగ్గడం సహజమేనని ఆయన జాలిపడేవాడు. ఆమెకు తెలియకూడదని చాలాసార్లు ఆమె ఏమందో ఊహించుకుని జవాబు చెప్పేవాడు. అది తన మంచితనమని అనుకునేవాడు.

ఈసారి ఇనేకే రాతిగోడల హోటలు అడిగింది. రూలోఫ్ పట్టుబట్టి కారవాన్ తెచ్చాడు. దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగెదాక్ ఎండలో, ముప్పై ఎనిమిది డిగ్రీల్లో, రేకుడబ్బాలో తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు ఉదయం కాఫీ తాగుతూ ఆమె కప్పు కింద పెట్టింది.

"చూడు రూలోఫ్. ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకల్లా నేను ఆ నీళ్ళలో ఉండాలి. లేకపోతే మోంపెలియేలో రైలెక్కి ఇంటికెళ్ళిపోతా. నువ్వూ నీ డబ్బా నిదానంగా రండి."

ఈ మాట మాత్రం ఆయనకు పూర్తిగా వినపడింది.

ఏడుంబావుకే బయలుదేరారు. కారవాన్ లాగుతూ చల్లగాలి మిషను వేస్తే ఇంజన్ వేడెక్కుతుందని రూలోఫ్ సిద్ధాంతం. అందుచేత కిటికీలన్నీ తెరిచి, ఇంజన్ హోరులో, చెమటలు కక్కుతూ యాభై కిలోమీటర్లు పోయారు. ఒకచోట దారి రెండుగా చీలింది. చీలిక దగ్గర బాణం గుర్తుతో తాత్కాలికంగా నిలబెట్టిన బోర్డు ఉంది. కుడి చేతి దారి ద్రాక్షతోటల్లోకి, రెండు రాతిగోడల మధ్య నుంచి పోతోంది. ఒళ్ళో ఫోన్‌లో మ్యాపు పెట్టుకున్న ఇనేకే అది చూసి అరిచింది.

"అది ఇరుకు దారి! తిప్పకు!"

రూలోఫ్‌కు "తిప్పు" వరకే అందింది. తిప్పాడు. కారు బాగానే తిరిగింది. దాని వెనక ఏడు మీటర్ల కారవాన్ తిరుగుతూ తిరుగుతూ బోర్డును తోకతో ఒక్క తోపు తోసి గుంటలో పడేసింది.

"బోర్డుకి తగిలావ్!" అంది ఇనేకే.

"నేనిప్పుడే తాగాను, నువ్వు తాగు," అని రూలోఫ్ మంచినీళ్ళ సీసా అందించాడు.

ఆమె సీసా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, నీళ్ళు తాగింది. గోడలు దగ్గరకు జరుగుతూ వచ్చాయి. కారవాన్‌కు అటు ఒక జానెడు, ఇటు ఒక జానెడు మిగిలింది. కారవాన్‌ను వెనక్కి నడపడం ఎలాగో రూలోఫ్‌కు పుస్తకాల్లో చదివి తెలుసు. ఆచరణలో మాత్రం ఆయన వెనక్కి నడిపిన ప్రతిసారీ కారు ఒక దేశం వైపు, కారవాన్ ఇంకో దేశం వైపు చూస్తూ నిలబడేవి. అందుకని ముందుకే పోయాడు.

దారి మొంతారెల్ అనే ఊళ్ళో తేలింది. చర్చి ముందు చిన్న కూడలి, పెద్ద పెద్ద చెట్లు, వాటి నీడలో వరసగా కుర్చీలు, కుర్చీల్లో పద్నాలుగు మంది ముసలివాళ్ళు. కారవాన్ కనపడగానే వాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పూలగౌనులో ఉన్న ఒక లావుపాటి మదాం ఎదురొచ్చి, రెండు చేతులూ ఊపుతూ, నేల మీద సున్నంతో గీసి ఉంచిన గళ్ళోకి కారవాన్‌ను పట్టించింది.

"చూశావా, అతిథిమర్యాదంటే ఇదీ!" అన్నాడు రూలోఫ్. "హోటల్లో నీకెవరు కొడతారు చప్పట్లు?"

ఇనేకేకు అనుమానం కలిగింది కానీ, అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. కూడలి అవతల ఊరు దాటే దారి ఒక పాత రాతి కమాను కింద నుంచి పోతోంది.

"అందులో ఈ డబ్బా పడుతుందో లేదో కొలిచొస్తా. నువ్వు బండి తియ్యకు. నేనొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకు."

"మాట్లాడతాను, మాట్లాడతాను," అన్నాడు రూలోఫ్ భరోసాగా.

ఆ పూలగౌను మదాం ఆ ఊరి మేయరు, పేరు కాబ్రోల్. ముసలివాళ్ళ చెవులు పరీక్షించే బండిని ఊరికి రప్పించడానికి ఆమె పదకొండు నెలలు ఉత్తరాలు రాసింది. తెల్ల కారవాన్ వస్తుంది, చెట్ల కింద చోటు ఉంచమని ఆ బండివాళ్ళు చెప్పారు. తెల్ల కారవాన్ వచ్చింది.

"చెవులు చూసేది మీరేనండీ?" అంది ఆమె.

రూలోఫ్‌కు బడిలో నేర్చుకున్న ఫ్రెంచి ఉంది. నదులు, గనులు, పంటల గురించి అయితే ధారాళంగా మాట్లాడగలడు. ఇప్పుడు ఆయన చెవిలో పడింది మాత్రం "ఊళ్ళు చూసేది మీరేనా" అని.

"అవునండీ! ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే పని. స్పెయిన్‌లో చూశాను, పోర్చుగల్‌లో చూశాను. అన్నిట్లోకీ నార్వేవి చాలా బాగుంటాయి."

నార్వే వాళ్ళ చెవుల గొప్పతనం గురించి మేయరు ఎన్నడూ విని ఉండలేదు. అయినా ముప్పై ఏళ్ళ అనుభవం ముందు తలవంచింది. "మరి మావి ఎలా ఉంటాయంటారు?"

రూలోఫ్ చుట్టూ ఉన్న రాతి ఇళ్ళను పరకాయించి చూశాడు. "పాతవే. కానీ గట్టివి. కాస్త దుమ్ము పట్టాయంతే. నీళ్ళ గొట్టం పెట్టి ఒక్కసారి కడిగితే కొత్తవాటిలా ఉంటాయి."

"నేనూ అదే చెప్తున్నా డాక్టరుగారూ, వింటేగా! ఒక్కొక్కళ్ళనీ లోపలికి పంపమంటారా?"

డాక్టరుగారూ అన్న పిలుపు రూలోఫ్‌కు వెన్నలా దిగింది. పీహెచ్‌డీ చేయాల్సిందని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. చేయలేదన్న సంగతి ఈ మదాంకు తెలియనక్కరలేదు. పైగా తన కారవాన్ లోపల ఎలా ఉంటుందో చూడడానికి ఒక ఊరు ఊరంతా వరసలో కూర్చుంది. సొంత తమ్ముడు కూడా ఇంతవరకు ఆసక్తి చూపలేదు.

"తప్పకుండా పంపండి," అన్నాడు.

మొదట ఆన్సెల్మ్ వచ్చాడు. ఎనభై ఎనిమిదేళ్ళ ద్రాక్షరైతు. చంకలో సీసా, చేతిలో గ్లాసులు. బల్ల దగ్గర కూర్చుని, అవి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని నిటారుగా సిద్ధమయ్యాడు. ఫ్రెంచివాళ్ళు ఏదైనా కళ్ళు మూసుకుని ఆస్వాదిస్తారని రూలోఫ్ సరిపెట్టుకుని ప్రదర్శన మొదలెట్టాడు. అలమర తలుపు టక్కున మూశాడు. ఆన్సెల్మ్ కుడిచెయ్యి ఎత్తాడు.

చెయ్యి ఎత్తితే ప్రశ్న ఉన్నట్టు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? "చెప్పండి!" అన్నాడు రూలోఫ్.

"వినపడింది," అన్నాడు ఆన్సెల్మ్.

రూలోఫ్ నీళ్ళ మోటారు వేశాడు. చెయ్యి లేచింది. "చెప్పండి!" "వినపడింది." గోడ మీద వేళ్ళతో కొట్టి చెక్క ఎంత గట్టిదో చూపించాడు. ఎడమచెయ్యి లేచింది. "ఈ చెవికి కూడా," అన్నాడు ముసలాయన సంతోషంగా. ఇంత శ్రద్ధగల విద్యార్థి తన సర్వీసులో దొరకలేదని రూలోఫ్‌కు కళ్ళు చెమర్చాయి. పోతూ పోతూ ఆన్సెల్మ్ సొంత తోట వైను గ్లాసుల్లో పోసి, సీసా అక్కడే వదిలి, "పదేళ్ళ నుంచి చెవిటి చెవిటి అని నన్ను తింటోంది నా కోడలు. ఇప్పుడు చెప్తా దాని పని," అని మెట్లు దిగాడు.

మరో ఇద్దరు వచ్చారు, మరో రెండు సీసాలు బల్లెక్కాయి. ఎండ కారవాన్ నెత్తి మీదికి వచ్చింది. ఎలా సాగుతోందో చూద్దామని మేయరు కూడా లోపలికి వచ్చి ఒక గ్లాసు అందుకుంది. ఆమె వెనకే లెయోంటీన్ అనే సన్నపాటి ముసలమ్మ ఎక్కింది. కుడిచెవిలోంచి ఒక చిన్న మిషను తీసి, రుమాలుతో తుడిచి, రూలోఫ్ అరచేతిలో పెట్టింది. ఆ సమయంలో ఆయన వంగి ఇంకో గ్లాసు వెతుకుతున్నాడు. అది చెవిలోంచి వచ్చిందని చూడలేదు.

"ఇది ఈలేస్తోందండీ. మీరే చూడాలి," అంది లెయోంటీన్.

"ఇది మేమే చేస్తామండీ. తిని చూడాలి," అని విన్నాడు రూలోఫ్.

గోధుమరంగు, చిక్కుడుగింజంత పరిమాణం, పైన నున్నటి మెరుపు. పాకం పట్టిన బాదంపప్పు అయి ఉంటుంది. పెద్దావిడ స్వయంగా చేసింది, కాదంటే బాగుండదు. నోట్లో వేసుకున్నాడు.

లెయోంటీన్ నోరు తెరిచింది. మేయరు గ్లాసు గాల్లో ఆగిపోయింది. రూలోఫ్ బుగ్గలోంచి సన్నగా, తీగలాగినట్టు, ఈల మొదలైంది. పెదాలు మూస్తే హెచ్చుతోంది, తెరిస్తే తగ్గుతోంది. ఆ ఊళ్ళో అది వినపడని మనుషులు ఇద్దరే. ఒకరు మిషను తీసేసిన లెయోంటీన్. రెండోవాడు రూలోఫ్. బయట కుర్చీలో కూర్చున్న ఆన్సెల్మ్ ఈల విని టక్కున చెయ్యెత్తాడు. పరీక్ష ఇప్పుడు అందరికీ కలిపి పెడుతున్నారు కాబోలని మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు.

సరిగ్గా అప్పుడు ఇనేకే తిరిగొచ్చింది. కమాను రెండు అడుగులు ఇరుకు; ఇంకో దారి ఉందేమోనని ఊరంతా తిరిగినా దొరకలేదు. ఆ కబురు మోసుకుంటూ వచ్చి చూస్తే కూడలిలో ముసలివాళ్ళంతా చేతులెత్తి కూర్చున్నారు, కారవాన్‌లో మొగుడు ఈల వేస్తున్నాడు.

"ఏంటిది? ఏం తిన్నావ్?"

"బాదంపప్పు," అన్నాడు రూలోఫ్, ఈలతో సహా. "కొంచెం గట్టిగా ఉంది."

"నా చెవి మిషనమ్మా!" అని లెయోంటీన్ ఏడుపుగొంతుతో అంది. "ఆదివారం నా మునిమనవడి బాప్తిస్మం!"

ఇనేకే కిందటి శీతాకాలమంతా ఫోన్‌లో ఫ్రెంచి నేర్చుకుంది. అప్పుడు రూలోఫ్ నవ్వాడు. ఆ ఫ్రెంచి ఇప్పుడు పనికొచ్చింది. ఒక్కసారిగా కొలను గట్టు గొంతుతో అరిచింది.

"రూలోఫ్! మింగకు!"

రూలోఫ్ ఆజ్ఞాపాలన చేశాడు. మింగాడు. మింగబోయాడు అనాలి, అది గొంతులో సగంలో ఇరుక్కుంది. ఆయన కళ్ళు బయటకొచ్చాయి. ఇనేకే రెండు అంగల్లో మెట్లెక్కి, వెనక నుంచి ఆయన పొట్ట చుట్టూ చేతులేసి, నీళ్ళు మింగిన పిల్లల్ని ఎలా కక్కిస్తుందో అలా ఒక్క కుదుపు కుదిపింది. మిషను నోట్లోంచి ఎగిరి, బల్ల దాటి, మేయరు గ్లాసులో పడింది. ఎర్రటి వైనులో రెండుసార్లు కూసి ఊరుకుంది.

బయట హారన్ మోగింది. గోడల దారికి అవతలి చివర, చీలిక దగ్గర, మరో తెల్ల కారవాన్ ఆగి ఉంది. అందులోంచి తెల్లకోటు వేసుకున్న క్లోతిల్ద్ అనే అమ్మాయి దిగి, పరికరాల పెట్టె మోసుకుని, చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"క్షమించాలి మేయరుగారూ, ఆలస్యమైంది. చీలిక దగ్గర బోర్డు ఎవడో పడగొట్టి పోయాడు. అవతలి లోయ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. చెవుల పరీక్షకు అందరూ ఉన్నారా?"

మేయరు నెమ్మదిగా రూలోఫ్ వైపు తిరిగింది. "అయితే మీరెవరండీ?"

"భూగోళం," అన్నాడు రూలోఫ్ బొంగురుగా.

"మా చెవులు నీళ్ళ గొట్టం పెట్టి కడగాలన్నారే?"

"ఇళ్ళనుకున్నానండీ..."

ఆన్సెల్మ్ లేచి నిలబడ్డాడు. "అంటే నేను పాసవ్వలేదా? కోడలికి అప్పుడే ఫోన్ చేశానే!"

ఆ క్షణంలో ఆ రాతి కమాను కూలి తన మీద పడితే బాగుండునని రూలోఫ్ మనసారా కోరుకున్నాడు. కానీ అంతకంటే బాధ పెట్టింది లెయోంటీన్ ముఖం. ఆమె అరవడం లేదు, గ్లాసు వైపు చూస్తూ నిలబడింది అంతే. రూలోఫ్ ఆమె ముందుకు వెళ్ళి, "అమ్మా, తప్పయింది," అన్నాడు. ఆమెకు అది కూడా వినపడలేదు.

క్లోతిల్ద్ గ్లాసులోంచి మిషను తీసి, విప్పి, ఊది, చిన్న ఆరబెట్టే డబ్బాలో పడేసి అరగంట ఆగమంది. తర్వాత సంగతి తన బండి నిలిపే చోటు. గళ్ళో రూలోఫ్ కారవాన్ ఉంది. ముందుకు కమాను పట్టదు. వెనక్కే పోవాలి, మూడు వందల మీటర్లు, గోడల మధ్య నుంచి.

"నేను చెప్తూ ఉంటా, నువ్వు నడుపు," అంది ఇనేకే.

"ఎక్కడికి?" అన్నాడు రూలోఫ్.

క్లోతిల్ద్ ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. "ఈయన మీ మాట ఎన్నాళ్ళ నుంచి వినట్లేదమ్మా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచి."

"చెవులతో అడుగుతున్నా."

"ఓ, అదా," అంది ఇనేకే. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నాలుగేళ్ళయి ఉంటుంది."

"ముందు ఈయన్నే కూర్చోబెట్టమ్మాయ్," అంది మేయరు. "లేకపోతే మా గోడలుండవు."

రూలోఫ్ తన చెవులు చక్కగా ఉన్నాయనీ, ఊరి వాళ్ళ కోసం కాదనలేక కూర్చుంటున్నాననీ రెండు భాషల్లో ప్రకటించాడు. క్లోతిల్ద్ ఆయన చెవులకు తొడుగులు పెట్టి, చేతికి మీట ఇచ్చి, చప్పుడు వినపడ్డప్పుడల్లా నొక్కమంది. రూలోఫ్ ఒకట్రెండు సార్లు నొక్కాడు. తర్వాత చాలాసేపు ఓపికగా ఎదురు చూశాడు. చివరికి, "మిగతాది మొదలెట్టండి మరి," అన్నాడు.

"అయిపోయిందండీ," అంది క్లోతిల్ద్.

తలుపు దగ్గర గుమిగూడిన పద్నాలుగు మందికీ ఫలితం అర్థమైంది. ఆన్సెల్మ్ ఆయన భుజం మీద చెయ్యేశాడు. "ఏం ఫరవాలేదు నాయనా. నీ వయసులో నాకైతే ఆకు రాలినా వినపడేదనుకో."

క్లోతిల్ద్ పెట్టెలోంచి ఒక జత తీసి ఆయన చెవుల్లో అమర్చింది. రెండు వారాలు వాడి చూసి, ఇంటికెళ్ళాక పోస్టులో పంపమంది. మీట నొక్కగానే రూలోఫ్ ఉలిక్కిపడి చెట్ల వైపు చూశాడు. కొమ్మ కొమ్మా రంపం పెట్టి కోస్తున్నట్టు కీచురాళ్ళు. వాతావరణం వేడెక్కి దక్షిణాదిలో కీచురాళ్ళు అంతరించాయని ఆయన గత మూడేళ్ళుగా స్నేహితులకు చెబుతూ వచ్చాడు. కిందటి ఏడు ఆసెన్ గ్రంథాలయంలో దాని మీద ఉపన్యాసం కూడా ఇచ్చాడు. నలభై మంది వచ్చారు. కొందరు రాసుకున్నారు.

"ఎంత గోలగా ఉన్నాయి," అన్నాడు నీరసంగా.

అప్పటికి పన్నెండున్నర అయింది. ఇనేకే గడియారం చూసుకోవడం రూలోఫ్ చూశాడు. వెళ్ళి కారెక్కాడు. ఆమె కారవాన్ వెనక నిలబడి చెయ్యి ఊపింది. రూలోఫ్ కిటికీలోంచి మెడ బయటపెట్టి కారు వెనక్కి నడిపాడు.

"ఎడమకి... ఇంకొంచెం... ఆఁ, చాలు!" ఒక్కొక్క మాటా గాజుగోళీలా వచ్చి చెవిలో పడుతోంది. రూలోఫ్ తిప్పమన్నప్పుడే తిప్పాడు, వద్దన్నప్పుడు మానేశాడు. జీవితంలో మొదటిసారి కారూ కారవానూ ఒకే దేశం వైపు చూశాయి. కేకల మధ్య ఆమె అలవాటుగా తనలో తాను అనుకునే మాటలు కూడా వినపడసాగాయి. అవి శాపనార్థాలేనని ఆయనకు ఇన్నాళ్ళూ గట్టి నమ్మకం. గుండె చిక్కబట్టుకుని విన్నాడు.

"మెల్లగా నాన్నా, మెల్లగా... అబ్బో, భలే తిప్పాడే... మెడ చూడు ఎలా ఎర్రగా కాలిందో, టోపీ పెట్టుకోమంటే వినడు మొద్దు... రైలూ లేదు గియిలూ లేదు, ఇతన్ని ఒంటరిగా వదిలితే టర్కీలో తేలతాడు... కుడికి! కుడికి! ఆఁ, బంగారుకొండ."

రూలోఫ్ కిటికీలోంచి ముఖం తప్పించాడు. తనకు మొత్తం వినపడుతోందని ఆమెతో చెప్పడం న్యాయం. చెప్పలేదు. ఇంకా రెండు వందల మీటర్లు ఉంది. ఎన్నడూ లేనంత నిదానంగా నడిపాడు.

గోడలకు ఒక్క గీత పడకుండా బయటపడ్డారు. గుంటలోంచి బోర్డు తీసి నిలబెట్టి, కూడలికి నడిచి వచ్చేసరికి మిషను ఆరింది. లెయోంటీన్ చెవిలో పెట్టుకుని, రూలోఫ్ చెప్పిన క్షమాపణ మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుని, తీరిగ్గా వింది. ఇంకోసారి చెప్పమంది. ఆ తర్వాత జున్ను, టమాటాలు, చల్లటి వైను పెట్టి గాని ఊరివాళ్ళు ఆ ఇద్దర్నీ కదలనివ్వలేదు.

సరస్సు చేరేసరికి సాయంత్రం అయిదు దాటింది. ఇనేకే చెప్పులు విప్పినదే తడవుగా నీళ్ళలో దూకి, ఇరవై బారలు ఈది, వెల్లకిలా తేలింది. మిషన్లు తడవకూడదు కనుక రూలోఫ్ ఒడ్డున కూర్చుని పాదాలు మాత్రం నీళ్ళలో పెట్టాడు. అలలు రాళ్ళకు తగిలే చప్పుడు, దూరాన ఎవరో సీసా మూత తీసిన చప్పుడు, అన్నీ అందుతున్నాయి. చాలాసేపటికి ఇనేకే అక్కడి నుంచే, ఆకాశం వైపు చూస్తూ, మామూలు గొంతుతో అంది.

"రూలోఫ్, ఇంటికెళ్ళగానే ఈ కారవాన్ అమ్మేద్దాం."

రూలోఫ్ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటీ? గాలికి సరిగ్గా వినపడలేదు!"

ఆ సాయంత్రం లాంగెదాక్ మొత్తంలో ఒక్క ఆకు కూడా కదలలేదు.